కాస్త పీకుతోంది, అంతే

నిఘంటు కార్యాలయం, రెండో అంతస్తు
వానలు పట్టిన వారం

వదినా,

ఉత్తరం చూడగానే ఏదో కొంప మునిగిందని కంగారుపడకు. మునిగితే నా ఒక్కదాని కొంపే, అదీ ఒక్క మాటలో. ఇక్కడ మేం ‘ప’ అక్షరంలో ఉన్నాం. పిచ్చి, పిల్లి, పిసినారి అన్నీ సుఖంగా దాటేశాం. ‘పీకు’ దగ్గర బండి ఆగిపోయింది.

మేకు పీకడం, కలుపు పీకడం గురించి పేచీ లేదు. కాళ్ళు పీకడం, నడుం పీకడం గురించే పేచీ అంతా. అది బజారు మాట, ‘మందవేదన’ అని రాసి ఊరుకుందాం అంటాడు మా పక్క బల్ల పండితుడు. “ఏమండీ, ఇంటికెళ్ళి మీ ఆవిడతో ‘నా మోకాళ్ళు మందవేదన చెందుచున్నవి’ అంటారా?” అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, “మా ఆవిడతో నేను మోకాళ్ళ గురించి మాట్లాడను” అన్నాడు. అలాంటివాళ్ళు మాకు అర్థాలు రాస్తున్నారు.

అర్థం రెండు పంక్తులు మించకూడదు, ఉదాహరణ అచ్చయిన పుస్తకంలోంచే తేవాలి అని మా పెద్దాయన హుకుం. ఆయన ప్రధాన సంపాదకుడు కాబట్టి ఆయన దగ్గినా అది నియమమే. అటకెక్కిన పుస్తకాలన్నీ దింపి తిరగేశాను. మన మహా రచయితల్లో ఒక్కరికీ కాళ్ళు పీకలేదు వదినా! అందరికీ గుండెలే, అవీ పగలడానికే.

అందుకని నిన్ను పట్టుకున్నాను. పొద్దున్నించీ రాత్రిదాకా కుర్చీ పక్కన నిలబడి జుట్టు కత్తిరించే మనిషితో కాపురం చేస్తున్నావు. ఆ మాట నువ్వు విన్నన్నిసార్లు మా కార్యాలయం మొత్తం విని ఉండదు. నొప్పికీ, సలుపుకీ, పీకడానికీ తేడా ఏమిటో నీ మాటల్లో రాసి పంపు. అన్నయ్యకి మాత్రం చెప్పకు. నిఘంటువులో పడుతున్నాడని తెలిస్తే వచ్చిన ప్రతివాడికీ సగం గడ్డం గీసి ఆపి ఆ కథ చెబుతాడు.

నీ ఆడపడుచు


షాపు మీది గదులు
అదే నెల

అమ్మడూ,

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఉన్న మొగుడితోనే వేగలేకపోతుంటే ఇంకో అర్ధం ఉత్తరం రాసి పని చెబుతోంది. సరే, రాసుకో.

నొప్పి అంటే వేలు పెట్టి చూపించేది. ఇక్కడ, అని చెప్పొచ్చు. సలుపు పుండుకీ, పుచ్చు పన్నుకీ ఉంటుంది. కొట్టుకుంటూ ఉంటుంది, నిద్ర పోనివ్వదు. పోటు అంటే పొడిచి పోతుంది. పీకడం ఇవేవీ కాదు. చోటు అడిగితే చెయ్యంతా అంటారు, ఎలా ఉందంటే ‘ఎలాగో ఉంది’ అంటారు. ఎవరైనా కాస్త నొక్కితే హాయిగా ఉంటుంది. నొక్కేవాళ్ళు లేకపోతే నోటితో నొక్కుకోవాలి. అంటే పదిమందికీ చెప్పుకోవాలి.

ఇంకో తేడా ఉంది, ఇది మీ పండితుడికి తెలిసి ఉండదు. నొప్పి వచ్చినవాడు మంచం ఎక్కుతాడు. పీకేవాడు పని చేస్తూనే ఉంటాడు, చేస్తూ సణుగుతాడు. మీ అన్నయ్యకి ఈమధ్య దువ్వెన పట్టే చెయ్యి పీకుతోందట, ఎడమది. రోజల్లా ఎత్తి పట్టుకునే చెయ్యి కదా, పీకక ఏం చేస్తుంది? పీకుతోందంటే మందు అక్కర్లేదని అర్థం, పక్కింటి పెళ్ళికి రాలేనని అర్థం, పైనుంచి తువ్వాళ్ళ మూట నువ్వే తెచ్చుకో అని అర్థం. ఎన్ని పంక్తులయ్యాయి?

నేను ఫోను చేద్దామనే అనుకున్నాను. అది షాపులో అద్దం పక్కనే ఉంది. నేను నోరు విప్పితే సబ్బు నురగ మొహాలన్నీ ఇటు తిరుగుతాయి. అందుకే ఈ కాగితం.

వదిన


నిఘంటు కార్యాలయం
వానలు వెలిశాక

వదినా,

నువ్వు ఇక్కడ ఉండాల్సింది, మా పండితుడు మీ షాపులో తువ్వాళ్ళు ఉతకాల్సింది. నీ ఉత్తరం పెద్దాయనకి చదివి వినిపించాను. పెళ్ళికి రాలేనన్న దగ్గర ఆయన నవ్వాడు. ఆయన పళ్ళు చూడడం మాకందరికీ అదే మొదలు. ఈ ఒక్క మాటకీ ఉదాహరణ లేకపోయినా పోనిమ్మన్నాడు. నీ మాటలే కుదించి, మా భాషలో పిండి ఆరేసి, అర్థం రాశాను. ప్రూఫు వచ్చింది. నీకు చూపించకపోతే పాపమని ఒక కాగితం ఇందులో పెడుతున్నాను:

‘పీకు (క్రి.): అలసటచేత అవయవమంతయు మందముగా నొచ్చు. ప్రమాదము లేదు, వైద్యము అక్కరలేక విశ్రాంతితో తగ్గు.’

బాగుందా? ‘అక్కరలేక’ అన్న మాట నీదే. ఇక దాచిపెట్టక్కర్లేదు, అన్నయ్యకి కూడా చూపించు. చెల్లెలు కుర్చీలో కూచుని గోళ్ళు గిల్లుకుంటోందనుకుంటాడు, ఏం చేస్తోందో చూస్తాడు.

నీ ఆడపడుచు


షాపు మీది గదులు
చలి మొదలయ్యాక

అమ్మడూ,

నీ కాగితం పుణ్యమా అని మా షాపు విద్యాలయమైపోయింది. మీ అన్నయ్య దాన్ని అద్దం అంచున అతికించాడు. గడ్డం కోసం వచ్చినవాడు ఎటూ కదలలేడు కదా, చదవక చస్తాడా! “అచ్చులో పడిందయ్యా. మా చెల్లాయి రాసింది. ఆ చెయ్యి నాదే” అని చెబుతున్నాడు. నీ చదువుకి ఇన్నాళ్ళకి ఒక లాభం కనిపించింది ఆయనకి.

ఇక మా కబుర్లు. పనులు మామూలే. తువ్వాళ్ళు ఎండక నా ప్రాణం తీస్తున్నాయి. మీ అన్నయ్యకి కొత్తగా ఒక చాదస్తం పట్టుకుంది. షాపు కట్టేసి పైకి వస్తూ, సగం మెట్ల మీద ఆగి పేపరు చదువుతాడు. రోజంతా ఆ పేపరు షాపులోనే పడుంటుంది, ఊళ్ళోవాళ్ళందరూ నలిపేస్తారు, అప్పుడు ముట్టుకోడు. మెట్ల మీద, గోడకి ఆనుకుని, గుడ్డి దీపం కింద చదవాలట. నేను పైనుంచి కేకేస్తే, “ఆఁ, ఈ ముక్క అయిపోగానే వస్తున్నా. చెయ్యి కాస్త పీకుతోంది, అంతే” అంటాడు. పేపరుకీ చేతికీ ఏం సంబంధమో నాకు తెలియదు. పైకొస్తే కూరలో ఉప్పు సంగతి మాట్లాడతానని భయం కాబోలు. మొన్నయితే దవడ కూడా పీకుతోందన్నాడు. వాగి వాగి దవడ పీకే మగాణ్ణి మొదటిసారి చూశాను. ఇది కూడా నీ పుస్తకంలో రాసుకో.

వదిన


నిఘంటు కార్యాలయం
ఉత్తరం అందిన రోజే

వదినా,

నీ ఉత్తరం నవ్వుతూ మొదలుపెట్టాను. మెట్ల దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. రెండోసారి చదివాను. తర్వాత మా కార్యాలయంలో వైద్యం మాటలు చూసే ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ పూర్వం నర్సు. నీ ఉత్తరం చదివి, “ఈయన పేపరు చదవడం లేదు” అంది.

వదినా, నిలబడే మనిషికి చెయ్యి పీకితే నిలబడ్డప్పుడు పీకాలి. మెట్లెక్కితే పీకి, ఆగితే తగ్గిందంటే అది చేతి గొడవ కాదు. దవడ దాకా వచ్చిందంటే అసలే కాదు. గుండె బాధ ఒక్కోసారి అలాగే వస్తుందట, గుండె దగ్గర ఏమీ తెలియకుండా చేతిలోనో దవడలోనో కూర్చుంటుందట. ఆయన ఊపిరి కోసం ఆగుతున్నాడు. నీకు కనబడకుండా పేపరు అడ్డం పెట్టుకుంటున్నాడు.

ఫోను చేద్దామంటే ఎత్తేది ఆయనే. నీకు భయం పెట్టాలని కాదు, పెట్టకుండా చెప్పడం నాకు చేతకావడం లేదు. రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు.

నీ ఆడపడుచు


షాపు మీది గదులు
ఆ వారంలోనే

అమ్మడూ,

రాత్రంతా ఆయన ఊపిరి వింటూ పడుకున్నాను. పొద్దున్నే డాక్టరు అన్నాను. మీ అన్నయ్య నా చెయ్యి పట్టుకుని షాపులోకి తీసుకెళ్ళి, అద్దం ముందు నిలబెట్టి, నీ కాగితం చూపించాడు. “చదువు” అన్నాడు. “ప్రమాదము లేదు. వైద్యము అక్కరలేక. మా చెల్లాయి కంటే నీకు ఎక్కువ తెలుసా? అచ్చులో ఉందే!”

మీ చెల్లాయే వెళ్ళమంటోంది బాబూ అని నీ ఉత్తరం చూపించాను. “ఉత్తరం చేత్తో రాసింది. చేత్తో ఎవరైనా ఏమైనా రాస్తారు. అచ్చు వేసేముందు నలుగురు కూచుని చూస్తారు” అన్నాడు. కుర్చీలో ఉన్నాయన నురగ మొహంతోనే తలూపాడు. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు. ఇక్కడ గిల్లడానికి కూడా భయంగా ఉంది, గుండె అన్నావు కదా.

నీ అచ్చు నువ్వే విప్పాలి అమ్మడూ. నా మాట ఈ ఇంట్లో అచ్చు కాలేదు.

వదిన


నిఘంటు కార్యాలయం
మరుసటి సోమవారం

వదినా,

ఆ అర్థం నేనే రాశాను, అదే మా అన్నయ్య పాలిట శాసనమైంది. నా కత్తి నా మెడకే తగిలింది, కానీ మెడ మాత్రం ఆయనది.

పెద్దాయన దగ్గరికి వెళ్ళి ‘పీకు’ మార్చాలన్నాను. పేజీ కూర్చేశారు, ఒక్క పంక్తి పెరిగినా వెనకాల వందల పేజీలు జరగాలి అన్నాడు. పెరగనివ్వను, ఉన్న జాగాలోనే మారుస్తానన్నాను. ఎవరైనా అభ్యంతరం చెప్పారా అన్నాడు. మా అన్నయ్య ఒప్పుకున్నాడు, అదే అభ్యంతరం అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. మెట్ల సంగతి మొత్తం చెప్పాను. నన్ను కూచోమన్నాడు. అయినా, “అమ్మాయీ, నిఘంటువు అర్థం చెబుతుంది, వైద్యం చెప్పదు” అన్నాడు.

“మరి ‘వైద్యము అక్కరలేక’ అన్నామే, అది వైద్యం కాదా? అక్కరలేదని చెప్పగా లేనిది అక్కరుందని చెబితే తప్పా?” అన్నాను. ఆ గదిలో ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. పక్క బల్ల పండితుడు లేచి వచ్చాడు. అడ్డుపడతాడనుకున్నాను. “మార్చండి. మా ఆవిడ మోకాళ్ళ గురించి నేనూ అడగలేదు” అన్నాడు, నేలకేసి చూస్తూ. పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని సంతకం పెట్టాడు.

కొత్త ప్రూఫు పెడుతున్నాను. అచ్చుదే, చేత్తో రాసింది కాదు:

‘పీకు (క్రి.): అవయవమంతయు మందముగా నొచ్చు. తరచు వచ్చినచో జాగు చేయక వైద్యునికి చూపవలయును.’

పాత కాగితం చింపేసి దీన్ని అతికించు. నలుగురు కూచునే చూశారని చెప్పు. అబద్ధం కాదు.

నీ ఆడపడుచు


షాపు మీది గదులు
శుక్రవారం

అమ్మడూ,

పనిచేసింది. పని చెయ్యలేదు కూడా. రెండూ చెబుతాను.

కొత్త కాగితం రెండుసార్లు చదివాడు. “మార్చారా?” అన్నాడు. మార్చారన్నాను. “సరే, అచ్చులో పడ్డాక తప్పదు” అని ఉతికిన చొక్కా అడిగాడు. దేవుడే దిగొచ్చినా కదలని మనిషి ‘చూపవలయును’ అనగానే కదిలాడు. నువ్వు మా పెళ్ళికి ముందే ఇలాంటివి నాలుగైదు అచ్చు వేయించి ఉంటే నా కాపురం వేరేగా ఉండేది.

డాక్టరు కుర్రాడు. మీ అన్నయ్యని ఒక్కణ్ణే లోపలికి పిలిచారు, నేను బయట బల్ల మీద కూచున్నాను. ఇంతలోనే వెలిగిపోయే మొహంతో బయటికొచ్చాడు. “ఏమీ లేదు. బలానికి సీసా రాశాడు” అన్నాడు. ఏం అడిగారని ఆరా తీశాను. ‘గుండెలో నొప్పి ఉందా’ అన్నారట. లేదన్నాడట. ‘చేతిలో నొప్పి?’ లేదండి. ‘దవడలో, వీపులో?’ అబ్బే, ఎక్కడా నొప్పి లేదండి.

“అదేమిటి, చెయ్యి పీకుతోందని చెప్పలేదా?” అన్నాను.

“ఆయన పీకుతోందా అని అడగలేదుగా. నొప్పి అని అడిగాడు. లేని నొప్పి ఉందని ఎలా చెప్పను?” అన్నాడు.

అబద్ధమాడే మనిషి కాదు, నీకు తెలుసు. అదే నా ఖర్మ. ఇవాళ సాయంత్రం మళ్ళీ మెట్ల మీద పేపరు చదివాడు. పైకి కేకేయలేదు నేను. దీపం ఆర్పేసి చీకట్లో నిలబడి చూశాను. పేపరు తిరగేసి పట్టుకున్నాడు అమ్మడూ.

వదిన


నిఘంటు కార్యాలయం
వెంటనే

వదినా,

తిడుతున్నాను, పట్టించుకోకు. భయపడితే నాకు తిట్లే వస్తాయి.

బయట బల్ల మీద ఎందుకు కూచున్నావు? పిలవకపోతే లోపలికి వెళ్ళకూడదా? ఇంట్లో అంత నోరున్నదానివి, ఆస్పత్రి గుమ్మం దగ్గర నాలుక తాకట్టు పెట్టావా?

మాట వదిలెయ్. ఇరవై ఏళ్ళుగా మాటల మీద బతుకుతున్నదాన్ని, నేనే చెబుతున్నాను. పీకుడూ వద్దు, నొప్పీ వద్దు. డాక్టరుకి ఏ మాటా చెప్పకు, మెట్లు చూపించు. నేను రేపటి బండికి టిక్కెట్టు తీసుకున్నాను, నా కోసం ఆగకు.

నీ ఆడపడుచు


ఆస్పత్రి వరండా
బుధవారం

అమ్మడూ,

ముందు అసలు మాట. బతికాడు, బాగున్నాడు. ఇక నిదానంగా చదువు. తుఫాను వరదకి బండ్లు ఆగిపోయాయని నీ తంతి అందింది, అందుకే రాస్తున్నాను. దారి తెరిచాక రా, తొందరలేదు.

నీ తిట్లు చేరిన పూటే ఆయన్ని తీసుకుని బయల్దేరాను. ఈసారి పిలవకుండానే లోపలికి వెళ్ళాను. “మొన్న చూశాను కదమ్మా, ఏ నొప్పీ లేదన్నారు” అన్నాడు డాక్టరు. “నొప్పి లేదు బాబూ, నిజమే. మీ మెట్లు ఒక్కసారి ఎక్కించి చూడండి, మీకు పుణ్యముంటుంది” అన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు, కానీ లేచాడు. మీ అన్నయ్య పౌరుషంగా ముందు నడిచాడు.

సగం మెట్ల మీద ఆగాడు. చేతిలో పేపరు లేదు. అటూ ఇటూ చూశాడు. గోడ మీద ‘నిశ్శబ్దం పాటించండి’ అని బోర్డుంది. దాన్ని చదవడం మొదలుపెట్టాడు. చదువుతూనే ఉన్నాడు. డాక్టరు కిందనుంచి, “రెండు మాటలేనండీ అవి” అన్నాడు. మీ అన్నయ్య కణతల మీద చెమట కారుతుంటే, “అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి, అందుకని” అన్నాడు. ఆ తర్వాత చక్రాల కుర్చీ వచ్చింది, నలుగురు పరుగెత్తారు, నన్ను పక్కకి నెట్టేశారు.

గుండెకి రక్తం తీసుకెళ్ళే గొట్టం ఒకటి మూసుకుపోయేదాకా వచ్చిందట. కుడి చేతి నరంలోంచి సన్నటి తీగ పంపి తెరిచారు. ఇంకో వారం బలం సీసా తాగుతూ కూచుంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పబోయాడు. వద్దు బాబూ అన్నాను.

తలుపు అవతల ఆ పని జరుగుతున్నంతసేపూ వరండాలో నిలబడ్డాను. కుర్చీలున్నాయి, కూచోబుద్ధి కాలేదు. భయం వేసింది అమ్మడూ. జన్మలో అంత భయపడలేదు. దండెం మీద ఆరేసి వచ్చిన తువ్వాళ్ళు గుర్తొచ్చాయి. ఈయన లేకపోతే అవన్నీ మడతపెట్టి ఎవరికివ్వాలి అనుకున్నాను. ఏ ఆలోచన ఎటు పోతుందో నా చేతుల్లో లేదు.

సాయంత్రం చూడనిచ్చారు. కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు. “ఏమిటలా ఉన్నావు? మొహం అలా పాలిపోయిందేం?” అన్నాడు. మీరు పోతారనుకున్నాను అనాలి. నోటి దాకా వచ్చింది. అని ఉంటే అక్కడే కూలబడి ఏడ్చేదాన్ని, ఆయన బెంబేలెత్తిపోయేవాడు. “ఏం లేదు. నిలబడీ నిలబడీ కాళ్ళు పీకుతున్నాయి, అంతే” అన్నాను.

అన్నాక నా మాట నాకే వినబడింది. ఇన్నాళ్ళూ సగం మెట్ల మీద నిలబడి ఆయన నాకు చెప్పింది ఇదే. నేను సణుగుడు అనుకున్నాను. నీకు నవ్వులాటగా రాశాను, నువ్వు దాన్ని అచ్చు వేశావు.

ఆయన నన్ను కాసేపు చూశాడు. మనుషుల మొహాలు చూసి బతికేవాడు కదా, తెలిసిపోయింది. మంచం మీద కొంచెం పక్కకి జరిగాడు. “ఇలా పెట్టు కాళ్ళు” అన్నాడు. కుడి చేతికి కట్టు ఉంది. దువ్వెన పట్టే చేత్తోనే నా పిక్కలు నొక్కడం మొదలుపెట్టాడు. పెళ్ళయినప్పటినుంచీ ఆయన కాళ్ళు నేను నొక్కడమే గాని, నావి ఆయన ఎన్నడూ ముట్టుకోలేదు. ఇంతలో నర్సు వచ్చి కేకలేసింది. “ఏమమ్మా, బుద్ధుందా? గుండె పేషంటు చేత కాళ్ళు పట్టించుకుంటావా?” అంది. గదిలో వాళ్ళందరూ తిరిగి చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను.

కాళ్ళు మాత్రం తీసుకోలేదు.

వదిన